నెగటివ్ ప్రింట్‌కు ఎక్స్‌పోజర్ సరిచేసే ముందు జాగ్రత్తలు

• కంట్రోల్ స్ట్రిప్ (రసాయనాలు సరిగ్గా పనిచేస్తున్నాయో చూసే పరీక్ష పట్టీ) నడిపి చూడకుండా ఆ రోజు మొదటి ఆర్డర్ ముట్టుకోవద్దు. డెవలపర్ (బొమ్మను పైకి తెచ్చే రసాయనం) వేడి తప్పితే ఎక్స్‌పోజర్ ఎంత మార్చినా దండగే.

• పేపర్ రోల్ మారిందా? కొత్త బ్యాచ్‌కు రంగుల బ్యాలెన్స్ మళ్లీ చూసుకోండి.

• నూలు గ్లవ్స్, ఎయిర్ బ్లోయర్ తప్పనిసరి. ఆ నెగటివ్‌కు మరో ప్రతి లేదు.

• అసలు చిక్కు ఇక్కడే: ప్రింట్ వేసే యంత్రం ఫ్రేమంతటికీ సగటు లెక్క కడుతుంది. మధుపర్కాల తెల్లచీరలో పెళ్లికూతురు, వెనుక తెల్లగోడ ఉంటే, నెగటివ్‌లో తెలుపు నల్లగా ఉంటుంది కనుక, పేపర్‌కు కాంతి ఎక్కువ ఇచ్చేస్తుంది; కాంతి ఎక్కువైతే ప్రింట్ ముదురుతుంది. చీర బూడిదరంగుకు తిరిగి, ముఖం నల్లబడుతుంది. అక్కడ డెన్సిటీ (ప్రింట్ ముదురుదనం) తగ్గించండి. రాత్రి ఊరేగింపులో చుట్టూ చీకటి ఉంటే దీనికి సరిగ్గా తలకిందులు: ముఖం పాలిపోతుంది, డెన్సిటీ పెంచాలి. ఎర్రటి పందిరి తెర ఫ్రేమంతా పరుచుకుంటే ముఖానికి సయాన్ (నీలి-ఆకుపచ్చ) ఛాయ వస్తుంది; రంగును ముఖం చూసే సరిచేయండి, తెరను చూసి కాదు.

• ఒకే చోట, ఒకే వెలుగులో తీసిన వరుస ఫ్రేములకు ఒకే సవరణ ఇవ్వండి. ఆల్బమ్‌లో పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే మనిషి రెండు రంగుల్లో కనబడితే కస్టమర్ నొచ్చుకోవడం న్యాయమే.

• తడి ప్రింట్ చూసి తీర్పు చెప్పొద్దు. ఆరాక, పగటి వెలుగు లాంటి దీపం కింద చూడండి.

• మరీ పలుచని (తీసేటప్పుడు కాంతి చాలని) నెగటివ్‌లో నీడల వివరం ఉండదు. ఆ సంగతి ప్రింట్ వేయకముందే కస్టమర్‌కు చెప్పండి.