అమ్మ కూనిరాగంతో పాత పాట దొరికింది (నా అనుభవం)

అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంట ఎప్పుడూ ఒకటే ట్యూన్ కూనిరాగం తీస్తది, మాటలు గుర్తులేవు, ఘంటసాల పాటే అని మాత్రం అంటది. పాటలు గుర్తుపట్టే యాప్ ఒకటి పెట్టి చూశా, రాలేదు, అది అసలు రికార్డింగ్‌తోనే పోలుస్తది, మన గొంతుతో కాదు. గూగుల్ యాప్‌లో 2020 నుంచి హమ్ చేసి వెతికేది ఉంది కదా, అందులో పాడిస్తే మొదట ఏవేవో హిందీ పాటలొచ్చినయి. తర్వాత ఫ్యాన్ ఆపేసి, ఫోన్ దగ్గరగా పట్టుకుని, చరణం వదిలేసి పల్లవి ఒక్కటే, సంగతులు (పాటలో అదనంగా తిప్పే మెలికలు) వేయకుండా "లాలలా" అని ఓ 15 సెకన్లు ఆపకుండా పాడమన్నా... రెండోసారికే వచ్చేసింది! శ్రుతి వేరే ఉన్నా పర్లేదు, స్వరం ఎక్కడ ఎక్కాలి ఎక్కడ దిగాలి అన్నది సరిగ్గా ఉంటే చాలు. ప్లే చేయగానే అమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లనే పట్టుకుని వినుకుంట కూర్చుంది, మా తాత పొద్దున్నే రేడియోలో పెట్టేవాడంట ఈ పాట.