ఒకే పేరున్న సినిమా పేజీలను విడదీసే ముందు జాగ్రత్తలు

తెలుగు వికీపీడియాలో పేజీని తరలించడం, అంటే దాని పేరు మార్చడం, నిమిషం పని. తప్పుగా తరలిస్తే సర్దడానికి పూటంతా పడుతుంది. అందుకే ముందు ఇవి చూసుకోండి.

- ఆ పేరుతో ఎన్ని ఉన్నాయో వెతకండి. ‘దేవదాసు’ పేరుతో 1953, 1974, 2006లలో సినిమాలొచ్చాయి. 2018లో వచ్చింది మాత్రం ‘దేవదాస్’. రెండు రకాలుగానూ కొట్టి చూడండి. అదే పేరున్న బెంగాలీ రచయిత శరత్ నవలనూ మరవకండి.

- పేజీ పేరు పక్కన బ్రాకెట్లో ‘సినిమా’ అని పెడితే ఇక్కడ చాలదు. ‘1953 సినిమా’ అనాలి. అది విడుదలైన సంవత్సరమే కావాలి, షూటింగ్ మొదలైనది కాదు.

- ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అనే జాబితాను తప్పకుండా తెరవండి. ఈ పేజీకి ఎక్కడెక్కడి నుంచి లింకులున్నాయో అందులో కనిపిస్తుంది. అసలు తలనొప్పంతా ఇక్కడే. 1974 సినిమాలో చేసిన నటుడి పేజీలో లింకు నొక్కితే 1953 సినిమా తెరుచుకోవచ్చు. నేనోసారి ఇది చూడకుండా తరలించేశాను. లింకులన్నీ అయోమయ నివృత్తి పేజీకి (ఒకే పేరున్న వ్యాసాల జాబితా ఉండే పేజీ) తేలాయి. అర్ధరాత్రి దాకా ఒక్కొక్కటీ సరిచేస్తూ కూర్చున్నా.

- ఒకదాని పోస్టరు ఇంకోదానికి అంటుకుందేమో చూడండి. వేరే భాషల వికీ లింకులు కూడా.

- కథ ఒకటే కదా అని పేజీలు కలిపేయకండి.

- అనుమానముంటే ముందు చర్చ పేజీలో రాసి, రెండ్రోజులు ఆగండి.