సూపర్‌చార్జర్ కారు, సొంత మరమ్మతు – 4వ పాఠం: బూస్టు పడిపోతే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

గత పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే స్కానర్‌లో మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లోని ఒత్తిడి) ఎంత చూపిస్తుందో రాసుకొమ్మన్నాను. విశాఖలాంటి సముద్రతీర నగరంలో అది 101 కిలోపాస్కల్స్‌కు అటూ ఇటూగా, హైదరాబాదులో 95 దరిదాపుల్లో రావాలి. డెన్వర్‌లో ఉన్నవారికి 83, 84 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ ఊరు మైలు ఎత్తున ఉంది, అక్కడి గాలే పలచన. మీ ఊరి గాలి ఒత్తిడికీ ఈ అంకెకూ పొంతన కుదరకపోతే మాత్రం ముందు సెన్సార్ సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే ఈ పాఠంలోకి రండి. తప్పుడు కొలత చేతిలో పెట్టుకుని ఎంత వెతికినా దండగే.

కొత్తగా చేరినవారి కోసం ఒక మాట. మనం నేర్చుకుంటున్నది బీఎండబ్ల్యూ చేతికి వచ్చాక తయారైన మొదటి తరం మినీ కూపర్ ఎస్ మీద, అంటే 2002 నుంచి 2006 దాకా అమ్మిన ఆర్53 మోడల్ మీద. 1.6 లీటర్ల ట్రైటెక్ ఇంజిన్, దానికి బెల్టుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్. మినీ మన దేశానికి అధికారికంగా వచ్చింది 2012లో. అప్పటికి ఈ మోడల్ పోయి టర్బో కార్లు వచ్చేశాయి కాబట్టి ఇక్కడి రోడ్ల మీద ఇది అరుదు. బ్రిటన్‌లోనో అమెరికాలోనో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారికి ఈ పాఠాలు నేరుగా పనికొస్తాయి. మిగతావారికి పద్ధతి పనికొస్తుంది.

అసలు విషయానికి వద్దాం. కారుకు పికప్ తగ్గింది, బూస్టు (సూపర్‌చార్జర్ వల్ల బయటి గాలికన్నా పెరిగే ఒత్తిడి) చూపించే గేజ్ మునుపటంత ఎక్కడం లేదు అనగానే చాలామంది చెయ్యి నేరుగా సూపర్‌చార్జర్ మీదికి పోతుంది. బోనెట్ కింద అన్నిటికన్నా ఖరీదైనది అదే కాబట్టి పాడైందీ అదే అనిపిస్తుంది. నా లెక్కలో అనుమానితుల వరుసలో దానిది చివరి స్థానం. ఈ సూపర్‌చార్జర్ రూట్స్ రకం బ్లోయర్, అందులో రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతాయి. అరిగిపోవడానికి వాటి మధ్య రాపిడే లేదు. బేరింగులో గేర్లో పోయే రోజు వస్తే అది బూస్టు తగ్గించి ఊరుకోదు, ముందు చప్పుడు చేస్తుంది.

పైగా బూస్టు అంటే ఏమిటో మరోసారి గుర్తు చేసుకోవాలి. రూట్స్ బ్లోయర్ తన లోపల గాలిని నొక్కదు, ఇటు నుంచి అటు మోస్తుంది, అంతే. ఇంజిన్ మింగగలిగినదానికన్నా ఎక్కువ గాలి మోసుకొచ్చి పడేస్తుంది కాబట్టి మానిఫోల్డ్‌లో ఒత్తిడి పుడుతుంది. తోటకు నీళ్లు పెట్టే పైపు చివర వేలు అడ్డం పెట్టినప్పుడు పుట్టే ఒత్తిడి లాంటిదే ఇదీ. గేజ్ చూపించేది గాలి ఎంత పోతోందో కాదు, పోయే దారిలో ఎంత అడ్డు ఉందో. అందుకే గేజ్ పెరగడం ఎప్పుడూ శుభవార్త కాదు. బూస్టు మామూలుకన్నా ఎక్కువ చూపిస్తూ కారు మాత్రం ఈడ్చుకుంటూ పోతుంటే, ఎగ్జాస్ట్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కరిగి మూసుకుపోయిందేమో చూడాలి. దీనికి తిరగేసిన సంగతీ ఉంది. గాలి తేలిగ్గా పోయే ఎగ్జాస్ట్ కొత్తగా బిగించినవారికి గేజ్ కాస్త తగ్గుతుంది, శక్తి పెరుగుతుంది. వారు ఈ పాఠంలోని పరీక్షలన్నీ చేసి బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు.

ఇక గేజ్ సరిగ్గానే ఎక్కుతోంది, పికప్ మాత్రం లేదంటారా? అది గాలి జబ్బు కాదు. ఇగ్నిషన్, పెట్రోల్, వేడి, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే పేలడం) – ఈ నాలుగింటిలో ఒకటి. దాని పాఠం తర్వాతి వారం. ఈ వారమంతా గేజ్ నిజంగా పడిపోయిన కార్ల గురించే.

స్పానర్ పట్టుకునే ముందు గ్రాఫ్ తీయాలి. స్కానర్‌లో ఆర్‌పీఎం, మానిఫోల్డ్ ప్రెషర్, థ్రాటిల్ మూడింటినీ రికార్డులో పెట్టి, మూడో గేరులో 2,000 నుంచి పైకి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కసారి లాగించాలి. ఇది డైనో (కారు ఉన్నచోటే ఉండి చక్రాలు తిరిగేలా చేసి శక్తి కొలిచే యంత్రం) మీదో రేస్ ట్రాక్ మీదో చేయాల్సిన పని. మూడో గేరు పూర్తయ్యేసరికి ఈ కారు వంద కిలోమీటర్లు దాటేస్తుంది కాబట్టి ఊరి బైపాస్ రోడ్డు మీద ప్రయోగాలు వద్దు. కంపెనీ స్థితిలో ఉన్న కారు పై ఆర్‌పీఎంలలో సుమారు 0.8 బార్, అంటే 80 కిలోపాస్కల్స్ బూస్టు ఇస్తుంది. సముద్రమట్టం దగ్గర స్కానర్‌లో అది బయటి గాలి ఒత్తిడితో కలిపి 180 కిలోపాస్కల్స్ చుట్టుపక్కల కనిపిస్తుంది. బ్లోయర్ చేసేది చుట్టూ ఉన్న గాలిని ఇన్ని రెట్లు చేయడం కాబట్టి, డెన్వర్‌లో అదే ఆరోగ్యమైన కారు 150 దగ్గరే ఆగుతుంది. మొదట రాసుకున్న అంకె ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇప్పుడు గీత ఆకారం చూడండి. కింద నుంచే, అంటే 2,500 దగ్గర కూడా బూస్టు నీరసంగా ఉండి చివరిదాకా అలాగే ఉంటే బైపాస్ వాల్వు (గాలిని బ్లోయర్ చుట్టూ తిప్పి పంపే తలుపు) తెరుచుకుని ఉండిపోయిందనో, పెద్ద గొట్టం ఒకటి ఊడిందనో అర్థం. కింద బాగానే ఉండి, ఒక ఆర్‌పీఎం దాటాక ఎక్కడం మానేసి చదునైపోయినా, కిందికి వంగినా బెల్టు జారుతోంది. పైకి వెళ్లేకొద్దీ మెల్లగా వెనకబడుతుంటే గాలి లోపలికి రావడమే కష్టమవుతోందేమో, ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. బ్లోయర్‌కు ముందు 5 కిలోపాస్కల్స్ పోతే వెనకాల దాదాపు 9 పోతాయి. ఈ మూడు గీతలూ గుర్తుంటే సగం పని కూర్చున్నచోటే అయిపోతుంది.

బెల్టు సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దోషం ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, కుడి ముందు చక్రం విప్పి లోపలి ప్లాస్టిక్ కవర్ తీయండి. టార్చి వేసి బెల్టు లోపలి వైపు చూడాలి. ఆరోగ్యమైన బెల్టు గాడులు మసకగా, నల్లగా ఉంటాయి. జారుతున్న బెల్టు గాడుల అంచులు గాజు పెట్టినట్టు నిగనిగలాడతాయి. పుల్లీ చుట్టూ, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చేతి మీద నల్లటి రబ్బరు పొడి మెత్తగా పేరుకుని ఉంటుంది. వేలితో తుడిస్తే వేలు నల్లబడుతుంది. బెల్టు కొత్తదైనా ఈ పొడి కనిపిస్తే తప్పు టెన్షనర్‌ది. ఈ కారు టెన్షనర్‌లో స్ప్రింగుతో పాటు అదురును ఆపే డ్యాంపర్ ఉంటుంది. అది అరిగాక ఐడిలింగ్‌లోనే టెన్షనర్ చెయ్యి ఆగకుండా వణుకుతుంది, బయటి నుంచి చూసినా తెలుస్తుంది. చున్నీ, వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు ఉన్నవారు ఇంజిన్ నడుస్తుండగా దాని దగ్గరికి పోకూడదు.

ఎక్కువ బూస్టు కోసం చిన్న పుల్లీ వేయించుకున్న కార్లకు ఇది మరీ వర్తిస్తుంది. సూపర్‌చార్జర్ పుల్లీని 15 శాతం చిన్నది చేస్తే బ్లోయర్ దాదాపు 18 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. దానికి కావాల్సిన బలం పెరుగుతుంది, బెల్టు పట్టుకునే చోటేమో తగ్గుతుంది. పుల్లీ మార్చి బెల్టు పాతదే ఉంచితే అది జారక ఏం చేస్తుంది?

బెల్టు, టెన్షనర్ రెండూ బాగుండి కూడా గీత పైన చదునవుతుంటే క్రాంక్ పుల్లీని, అంటే ఇంజిన్ తిప్పుతూ బెల్టును నడిపించే పుల్లీని అనుమానించండి. అది ఒకే లోహపు ముక్క కాదు. లోపలి చక్రం, బయటి వలయం, మధ్యలో వాటిని అంటిపెట్టిన రబ్బరు. ఏళ్లు గడిచేసరికి ఆ రబ్బరు విడిపోతుంది. అప్పుడు లోపలి చక్రం ఇంజిన్‌తో తిరుగుతుంది, బయటి వలయం దానికి తోచినట్టు తిరుగుతుంది. పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. పుల్లీ ముఖం మీద మధ్య నుంచి అంచుదాకా తెల్ల పెయింటుతో ఒక సన్నని అడ్డగీత గీయండి. ఆరాక గట్టిగా నడిపి వచ్చి మళ్లీ చూడండి. గీత రెండు ముక్కలై పక్కపక్కకు జరిగి కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ పుల్లీతో ఇంకా నడపకండి, వలయం ఊడితే బెల్టునూ చుట్టూ ఉన్నవాటినీ కలిపి లాక్కుపోతుంది.

బైపాస్ వాల్వు పని తేలిక. మామూలుగా స్ప్రింగు దాన్ని మూసి ఉంచుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు వాక్యూమ్ దాన్ని తెరిచి, గాలి బ్లోయర్ చుట్టూ తిరిగేలా చేస్తుంది. కాబట్టి ఇంజిన్ స్టార్ట్ కాగానే దాని మీట కదలాలి, ఎవరిచేతనైనా యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కిస్తే వెనక్కి రావాలి. చిన్న అద్దం పట్టుకుంటే చూడవచ్చు. మీట వెనక్కి రాకపోతే బూస్టు పోయిన కారణం అదే. మీట అసలు కదలనే కదలకపోతే లోపలి రబ్బరు పొర చిరిగిందో వాక్యూమ్ గొట్టం ఊడిందో అయి ఉంటుంది. తమాషా ఏమిటంటే అప్పుడు బూస్టు తగ్గదు. పెట్రోల్ మాత్రం ఎక్కువ తాగుతుంది, ఈల శబ్దం ఎప్పుడూ వినిపిస్తుంది. మీట బిగుసుగా, ఆగి ఆగి కదులుతుంటే రెండో గేరులో నెమ్మదిగా పోతున్నప్పుడు కారు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మినీ యజమానులు క్లచ్‌ను తిట్టుకునే ఊపుల్లో కొన్ని ఈ వాల్వువే.

లీకుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బ్లోయర్ నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఇంజిన్ నెత్తిన ఉంటుంది, దానికి రెండు వైపులా రబ్బరు తొడుగులు ఉంటాయి. ఎవరైనా ప్లగ్గుల కోసమో మరోదానికో ఇంటర్‌కూలర్ విప్పి పెట్టాక పికప్ పోయిందంటే ఆ తొడుగు అంచు మడతపడిందని దాదాపు రాసివ్వవచ్చు. లేకపోతే ఇంజిన్ ఆపి ఉంచి, గాలి గొట్టంలోకి అర బార్‌కు మించకుండా గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బునీళ్లు పోయండి. ఈ కారులో ఎయిర్‌ఫ్లో సెన్సార్ లేదు, ఒత్తిడిని బట్టే పెట్రోల్ కొలుస్తుంది. అందుకని వేరే కార్లలోలా లీకు ఉన్నప్పుడు నల్లపొగ వస్తుందని ఎదురు చూడకండి, రాదు.

ఇవన్నీ దాటాకే బ్లోయర్. బెల్టు తీసి దాని పుల్లీని చేత్తో తిప్పండి. ఒకే బరువుతో నున్నగా తిరగాలి, ఇసుక కరకరలాడినట్టు ఉండకూడదు, పుల్లీని లాగి తోస్తే ఊగకూడదు. ఇక్కడ ఆర్53కు ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. దీని వాటర్ పంపును తిప్పేది సూపర్‌చార్జర్ వెనక ఉన్న గేర్లే. ఆ వెనక భాగంలో నూనె విడిగా, కొద్దిగానే ఉంటుంది. జీవితాంతం మార్చనక్కర్లేదని కంపెనీ అన్నది గానీ, కారు జీవితం ఆ నూనె జీవితాన్ని దాటిపోయింది. నూనె ఆరిపోయి గేరు పళ్లు ఊడితే బూస్టు మామూలుగా ఉంటుంది, బెల్టు చక్కగా తిరుగుతుంది, కూలెంట్ చుక్క కారదు, ఇంజిన్ మాత్రం మరుగుతుంది. డ్యాష్‌బోర్డు సూదిని నమ్ముకోకుండా స్కానర్‌లో కూలెంట్ వేడి చూస్తూ ఉండండి. అంకె ఆగకుండా ఎక్కుతుంటే వెంటనే ఇంజిన్ ఆపేయాలి. బ్లోయర్ వెనక భాగపు నూనె ఎప్పుడు మార్చారో తెలియని కారు కొన్నవారు దాన్ని ముందే విప్పించి మార్పించుకోవడం మేలు. పని పెద్దదే, ముందు భాగం అంతా వదులు చేయాలి, అయినా కొత్త ఇంజిన్ కన్నా చవక.

ఈ వారం పని: క్రాంక్ పుల్లీ మీద గీత గీయండి, గ్రాఫ్ ఒకటి తీసి దాచుకోండి. గ్రాఫ్‌లో ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్ కూడా చేర్చండి. 5వ పాఠంలో నాకింగ్ గురించి మాట్లాడేటప్పుడు ఆ రెండు గీతలూ పక్కన ఉండాలి.