పట్టికలోనే వరుసను సవరించడం: వెబ్ అప్లికేషన్ పాఠాలు, 6వ భాగం

గత భాగంలో బేగంబజార్‌లోని ఒక టోకు కిరాణా దుకాణాన్ని ఊహించుకొని, దాని సరకు పట్టికను సర్వర్ నుంచి తెప్పించి తెర మీద చూపించాం. సరకు పేరు, క్వింటాలు ధర, గోదాములో ఉన్న బస్తాలు, చివరిసారి సరకు దిగిన తేదీ అని అందులో నాలుగు కాలమ్‌లు ఉన్నాయి. పొద్దున కందిపప్పు ధర మారితే, ఆ ఒక్క అంకె కోసం కౌంటరులో ఉన్న మనిషి వేరే పేజీ తెరిచి, మార్చి, తిరిగి పట్టికకు వచ్చి, తానున్న చోటును మళ్లీ వెతుక్కోవలసి రాకూడదు. అందుకే ఈ భాగంలో పట్టికను వదలకుండా వరుసను అక్కడికక్కడే దిద్ది భద్రపరచడం నేర్చుకుందాం.

అన్నిటికన్నా దగ్గరి దారి గడికి కంటెంట్‌ఎడిటబుల్ అనే లక్షణాన్ని తగిలించడం. అలా చేస్తే గడిలో కర్సర్ వచ్చి నిలుస్తుంది, వెంటనే టైపు చేయవచ్చు. అయినా ఈ పనికి దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎక్సెల్ నుంచి ఒక ధరను కాపీ చేసి అతికిస్తే అంకెలతో పాటు రంగులూ, అదనపు ట్యాగులూ గడిలోకి వచ్చి పడతాయి. ధర గడిలో అంకెలు తప్ప మరేమీ రాకూడదని బ్రౌజర్‌కు చెప్పే వీలు ఉండదు. ఫారంను పంపినప్పుడు ఆ విలువ తనంతట తాను సర్వర్‌కు చేరదు. ఆ లక్షణానికి ప్లెయిన్‌టెక్స్ట్ ఓన్లీ (ఉత్త అక్షరాలు మాత్రమే) అనే విలువ ఇస్తే మొదటి చిక్కు తీరుతుంది గానీ, మిగతా రెండూ అలాగే ఉంటాయి.

కాబట్టి ప్రతి వరుసకూ చూపే రూపం, దిద్దే రూపం అని రెండు రూపాలు ఉంటాయని అనుకుందాం. వరుస చివర ఉన్న ‘దిద్దు’ బటన్ నొక్కగానే గడులలోని అక్షరాల స్థానంలో ఇన్‌పుట్ పెట్టెలు రావాలి, ‘దిద్దు’ స్థానంలో ‘భద్రపరచు’, ‘వద్దు’ అనే రెండు బటన్‌లు రావాలి. ఒకసారికి ఒక వరుసనే దిద్దనివ్వండి. నాలుగు వరుసలు ఒకేసారి తెరిచి ఉంటే, వాటిలో ఏది భద్రపడిందో ఏది పడలేదో వాడేవారికే తెలియకుండా పోతుంది.

బటన్ నొక్కడాన్ని కనిపెట్టే ఫంక్షన్‌ను ఒక్కొక్క బటన్‌కూ విడివిడిగా తగిలించవద్దు, ఎందుకంటే వరుసను మళ్లీ గీసిన ప్రతిసారీ పాత బటన్‌తో పాటు అదీ పోతుంది. పట్టిక వరుసలన్నీ ఉండే టీబాడీ ట్యాగుకు ఒకే ఒక్క ఫంక్షన్ తగిలించి, నొక్కిన చోటు నుంచి పైకి వెతికే క్లోజెస్ట్ ద్వారా ఆ వరుస ట్యాగైన టీఆర్‌ను పట్టుకొని, దాని డేటాసెట్‌లో (ట్యాగుకు మనం జోడించే సొంత సమాచారంలో) దాచిన ఐడీని, అంటే సరకు గుర్తింపు సంఖ్యను, చదివితే ఏ సరకో తెలిసిపోతుంది.

ఇన్‌పుట్ పెట్టెలో పెట్టే విలువను ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దగ్గర చాలామంది తడబడతారు. గడిలో కనిపిస్తున్న అక్షరాలనే చదివి పెట్టెలో పెట్టాలని తోచడం సహజం. అయితే తెర మీద ధరను మనం 12,500 అని కామాతో చూపిస్తున్నాం. నంబర్ రకం ఇన్‌పుట్‌కు కామా ఉన్న విలువ ఇస్తే బ్రౌజర్ దాన్ని చెల్లని సంఖ్యగా తీసుకొని పెట్టెను ఖాళీగా వదిలేస్తుంది, తెర మీద ఏ హెచ్చరికా చూపదు. తేదీకీ ఇదే గతి పడుతుంది. మనం 14-01-2025 అని చూపించినా, డేట్ రకం ఇన్‌పుట్ మాత్రం 2025-01-14 అన్న క్రమాన్నే ఒప్పుకొంటుంది. అందుచేత సర్వర్ పంపిన అసలు డేటాను ఐడీ చెబితే ఆ వరుసను ఇచ్చే ఒక మ్యాప్‌లో అట్టిపెట్టుకొని, పెట్టెలకు విలువలను అందులో నుంచే ఇవ్వాలి. కామాలూ రూపాయి గుర్తూ చూపే రూపానికి మాత్రమే పరిమితం కావాలి. ‘వద్దు’ నొక్కినప్పుడు పాత వరుసను మళ్లీ గీయడానికి పనికివచ్చేదీ ఆ మ్యాపే. పైసలు కూడా రాయనివ్వాలంటే ఆ ఇన్‌పుట్‌కు స్టెప్ (సంఖ్యల మధ్య ఉండాల్సిన కనీస తేడా) విలువను 0.01గా పెట్టడం మరవకండి, లేకపోతే బ్రౌజర్ పూర్ణాంకాలను మాత్రమే ఒప్పుకొంటుంది.

ఎంటర్ నొక్కితే భద్రపడాలంటే ఫారం ఉండాలి, కానీ టీఆర్ లోపల ఫారం ట్యాగు ఇమడదు. హెచ్‌టీఎంఎల్‌లో అలా రాస్తే బ్రౌజర్ ఆ ఫారంను తెరిచిన వెంటనే ఖాళీగా మూసేస్తుంది, పెట్టెలు దాని బయటే ఉండిపోతాయి. దీనికి తేలికైన పరిష్కారం ఉంది: ఫారంను పట్టిక బయట ఒక ఐడీతో పెట్టి, ప్రతి ఇన్‌పుట్‌కూ ‘భద్రపరచు’ బటన్‌కూ ఫారం అనే లక్షణంలో ఆ ఐడీని రాయాలి. అప్పుడు ఎంటర్ పనిని బ్రౌజరే చూసుకొంటుంది, మనం ఎస్కేప్ సంగతి మాత్రం చూసుకోవాలి. సరకు పేరును తెలుగులో టైపు చేసేటప్పుడు సూచనల జాబితా చూపే కీబోర్డు వాడేవారు, ఆ జాబితాను మూయడానికే ఎస్కేప్ నొక్కవచ్చు. అప్పుడు వరుస మొత్తం రద్దయితే చేసిన పనంతా పోతుంది. కీ నొక్కిన ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ (పదం ఇంకా కూర్పులోనే ఉందని చెప్పే లక్షణం) నిజమని ఉంటే ఆ నొక్కును పట్టించుకోకండి.

కర్సర్ పెట్టెను వదలగానే, అంటే బ్లర్ కాగానే, భద్రపరిచే పద్ధతి కూడా ఉంది. అందులో ‘వద్దు’ బటన్ మీద మౌస్ నొక్కగానే ముందు బ్లర్, ఆ తరువాతే క్లిక్ జరుగుతాయి కనుక, రద్దు చేయబోయిన మార్పు కాస్తా భద్రపడిపోతుంది. డబ్బు లెక్కలున్న పట్టికకు ఇది తగదు.

ఇక అసలైన కష్టం భద్రపరచడంలో ఉంది. మన దుకాణానికి కాటేదాన్‌లో గోదాము ఉందనీ, అక్కడి గుమాస్తా కూడా ఇదే పట్టికను తెరిచాడనీ అనుకోండి. కందిపప్పు 40 బస్తాలు ఉండగా కౌంటరులో ఉన్న మనిషి ధర మార్చడానికి వరుస తెరిచాడు. ఆలోపు గోదాములో 15 బస్తాలు లారీకెక్కాయి, గుమాస్తా 25 అని భద్రపరిచాడు. ఆ తరువాత కౌంటరు నుంచి వరుస మొత్తం వెళ్లి భద్రపడింది, బస్తాలు మళ్లీ 40 అయ్యాయి. చిట్టా పుస్తకంలోనైతే కొట్టివేసిన అంకె కూడా కనిపిస్తూ ఉంటుంది, ఇక్కడ ఆ ఆనవాలు కూడా మిగలదు.

దీనికి రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది, మారిన గడులను మాత్రమే పంపడం. హెచ్‌టీటీపీలో ఇందుకోసమే 2010లో ప్యాచ్ అనే పద్ధతిని ప్రమాణీకరించారు. పుట్ పద్ధతి మొత్తం వస్తువును మార్చివేస్తుంది, ప్యాచ్ పంపినంత మేరకే మారుస్తుంది. రెండోది, ప్రతి వరుసకూ డేటాబేస్‌లో ఒక వెర్షన్ నంబరు ఉంచి, దిద్దడం మొదలైనప్పటి నంబరును మార్పుతో పాటు పంపడం. సర్వర్‌లో అప్‌డేట్ వాక్యానికి ఐడీతో పాటు వెర్షన్ కూడా సరిపోవాలన్న షరతు పెట్టి, భద్రపడిన ప్రతిసారీ నంబరును ఒకటి పెంచండి. ఒక్క వరుస కూడా మారలేదంటే మధ్యలో మరొకరు దాన్ని దిద్దారని అర్థం. అప్పుడు సర్వర్ ఘర్షణను తెలిపే 409 అనే సంకేతంతో, ప్రస్తుతం ఉన్న వరుసను తిప్పి పంపాలి. తెర మీద వారి విలువనూ మీ విలువనూ పక్కపక్కనే చూపి, నిర్ణయాన్ని మనిషికే వదలండి. ఇలాంటి చోట ప్రోగ్రాం తనంతట తాను ఒకదాన్ని ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం. రియాక్ట్, యాంగ్యులర్ వంటివాటితో చదువు మొదలుపెట్టినవారికీ ఈ భాగం తప్పదు, ఎందుకంటే అవి తెరను చూసుకొంటాయే తప్ప డేటాబేస్‌లోని ఈ పోటీని చూసుకోవు.

సర్వర్‌కు అభ్యర్థన పంపే ఫెచ్ వాడేటప్పుడు 409 గానీ, సర్వర్‌లో లోపాన్ని తెలిపే 500 గానీ వస్తే ప్రోగ్రాం పొరపాట్లను పట్టే క్యాచ్‌లోకి వెళ్తుందని అనుకోకండి. అది నెట్‌వర్క్ తెగినప్పుడో, అభ్యర్థన అసలు సాగనప్పుడో వెళ్తుంది. సర్వర్ జవాబిస్తే, అది తిరస్కారమైనా సరే, ఓకే అనే లక్షణాన్ని మనమే చూడాలి. జవాబు వచ్చేదాకా ‘భద్రపరచు’ బటన్‌ను పనిచేయకుండా ఆపి ఉంచండి. పని నెరవేరాక, టైపు చేసిన విలువలతో కాకుండా సర్వర్ తిప్పి పంపిన విలువలతోనే వరుసను గీయండి. అక్షరాలను టెక్స్ట్‌కంటెంట్ ద్వారానే గడిలో పెట్టండి, ఎందుకంటే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడితే ఎవరైనా సరకు పేరులో రాసిన ట్యాగు మీ పేజీలో నిజంగానే పనిచేయడం మొదలుపెడుతుంది. వరుస మూసుకొన్నాక ఫోకస్‌ను ఆ వరుసలోని ‘దిద్దు’ బటన్‌కే తిరిగి ఇవ్వండి, అప్పుడు మౌస్ లేకుండా పనిచేసేవారు తామున్న చోటు నుంచే కొనసాగగలుగుతారు.

అభ్యాసానికి మీ పట్టికను రెండు ట్యాబ్‌లలో తెరవండి. రెండింటిలోనూ ఒకే వరుసకు ‘దిద్దు’ నొక్కి, మొదటి దానిలో బస్తాలు మార్చి భద్రపరచండి, తరువాత రెండో దానిలో ధర మార్చి భద్రపరచండి. రెండో ట్యాబ్‌లో కొత్త బస్తాల సంఖ్యతో సహా హెచ్చరిక కనిపించాలి, మీరు టైపు చేసిన ధర పెట్టెలో చెక్కుచెదరకుండా ఉండాలి. ధర చెరిగిపోయిందంటే 409 వచ్చినప్పుడు కూడా మీరు వరుసను మళ్లీ గీస్తున్నారన్నమాట. ఆ చోటును సరిచేసిన తరువాతే కొత్త వరుసను చేర్చడం నేర్పే 7వ భాగానికి రండి.