చెరువు పక్కన కొత్త వెంచర్ – పాఠం 3: ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో మీరే చూసుకోవడం

గత పాఠంలో మాస్టర్ ప్లాన్ మ్యాప్ తీసి, మన సర్వే నంబరు ఏ రంగులో ఉందో చూశాం. అది రెసిడెన్షియల్ రంగులో ఉన్నా సరే, పక్కన చెరువు ఉంటే ఇంకో గీత కూడా చూడాలి. ఈ పాఠంలో హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులనే ఉదాహరణగా తీసుకుందాం.

ఆ గీత పేరు ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. చెరువు నిండి, అలుగు పారడం మొదలయ్యే మట్టం అది. ఆ మట్టంలో నీళ్లు ఎంత మేర పరుచుకుంటాయో, ఆ అంచు దాకా చెరువే. ఎండాకాలంలో వెళ్తే అక్కడ నీటిచుక్క ఉండదు. తుమ్మచెట్లు, క్రికెట్ ఆడే పిల్లలు కనిపిస్తారు. అందుకే స్థలం చూడటానికి ఒకసారి మే నెలలో వెళ్లినా, ఇంకోసారి సెప్టెంబరులో తప్పకుండా వెళ్లండి. వెళ్లినప్పుడు ముందు అలుగు దగ్గరికి నడవండి. అలుగును ఎవరైనా పగలగొట్టారేమో, ఎత్తు తగ్గించారేమో చూడండి. అలుగు ఒక అడుగు దిగితే చెరువు నిలవగలిగే నీరు తగ్గిపోతుంది, అంచున ఎకరాలకు ఎకరాలు ఎండిన నేల బయటపడుతుంది. అది కొత్తగా పుట్టిన భూమి కాదు, శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల.

ఇక గీత నుంచి ఎంత దూరం వదలాలి? 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168, ఈ లెక్క చెబుతాయి. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే దాని అంచు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లే.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. 10 హెక్టార్లంటే సుమారు 24 ఎకరాల 28 గుంటలు. రికార్డులో చెరువు 25 ఎకరాలుంటే 30 మీటర్లు వదలాలి. అదే చెరువును 24 ఎకరాలుగా చూపిస్తే 9 మీటర్లు చాలు. ఎకరం తేడాతో చెరువు చుట్టూ 21 మీటర్ల పట్టీ పోతుంది. నాలా సంగతీ ఇంతే. 12 మీటర్ల నాలాను మట్టి పోసి 9 మీటర్లకు కుదిస్తే, వదలాల్సింది 9 నుంచి 2 మీటర్లకు పడిపోతుంది. ఆక్రమించినవాళ్లకే లాభం! కాబట్టి ఇవాళ కనిపించే వెడల్పును టేపుతో కొలిచి ఊరుకోవద్దు. పాత గ్రామ నక్షాలో ఎంత ఉందో దాంతో పోల్చండి. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత సర్వే నంబర్ల మీదుగా గీసి ఉంటుంది. మ్యాపు తీయగానే అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అని చూడండి. ప్రాథమికమైతే అభ్యంతరం చెప్పడానికి ఇంకా అవకాశం ఉన్నట్టే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ 30 మీటర్ల పట్టీ వాననీటితో కొట్టుకొచ్చే మట్టిని, చెత్తను కొంత ఆపుతుంది. కాలనీ డ్రైనేజీ పైపు నేరుగా నాలాలో కలిపితే మాత్రం అది ఏమీ ఆపలేదు. మురుగు పడుతూనే ఉంటే కొన్నాళ్లకు చెరువంతా గుర్రపుడెక్క కమ్మేయొచ్చు. అందుకే లేఅవుట్ ప్లాన్‌లో మురుగు ఎటు పోతుందో, శుద్ధి ప్లాంటు ఎక్కడ పెడుతున్నారో వెతకండి. మొత్తం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన అయితే ముందుగా పర్యావరణ అనుమతి కూడా ఉండాలి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చెరువును ఎంచుకోండి. రికార్డులో విస్తీర్ణం, మ్యాపులో ఎఫ్‌టీఎల్ తాకే సర్వే నంబర్లు, అలుగు పరిస్థితి, నాలా పాత వెడల్పు, ఇప్పటి వెడల్పు నోటుబుక్కులో రాసుకోండి. అలుగు దగ్గర తేదీతో ఫొటో తీయండి. వచ్చే పాఠంలో వీటితోనే అభ్యంతర పత్రం రాద్దాం.