పోర్ట్‌ఫోలియోలో హీరో బొమ్మలు వద్దు

విదేశాల్లో ఫైన్ ఆర్ట్స్‌కి అప్లై చేసే మన కోనసీమ పిల్లలకో మాట. ఫొటో చూసి అచ్చు దింపిన హీరోల పెన్సిల్ బొమ్మలు పోర్ట్‌ఫోలియోలో, అంటే అప్లికేషన్‌తో పంపే మీ బొమ్మల కట్టలో, కుక్కకండి. ఎంత బాగా కుదిరినా సరే. అక్కడివాళ్లు వెతికేది మీరేం చూశారు, ఎలా ఆలోచించారు అని. అంబాజీపేటలో కొబ్బరి డొక్కల గుట్ట ముందు గంటసేపు కూర్చుని గీయండి. కొట్టేసిన గీతలు, టీ మరకలు ఉన్న స్కెచ్‌బుక్ పేజీలు కూడా రెండు మూడు చేర్చండి. అమెరికాలోని రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ 12 నుంచి 20 బొమ్మలు అడుగుతుంది, మంచివి 12 ఉంటే అక్కడే ఆపేయండి.

పంపడానికి బొమ్మల్ని ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. పొద్దున్నే వీధరుగు నీడలో బొమ్మని గోడకి ఆనించి, ఫోన్ వంకర పోకుండా ఎదురుగా పట్టుకుని తీయండి. నా మొదటి ఫొటోల్లో పక్కన ఆరేసిన మేనత్త చీర కూడా పడింది!