చీకటి పడ్డాక పాత కారు పని: చలికాలంలో ఆగిపోకుండా సాగే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం వైపు డిసెంబరు మొదట్లో పొద్దు 5.20 లోపే వాలిపోతుంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి టీ తాగేసరికి షెడ్డులో చీకటి. మన దగ్గర కారు పనికి అడ్డొచ్చేది ఈ చీకటే, చలి కాదు. అసలు ఏడాది మొత్తంలో ఈ పనికి ఇంతకన్నా మంచి కాలం లేదు. మే నెలలో రేకుల షెడ్డు కింద పానా పట్టుకుంటే చేయి కాలుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను ఎప్పుడొస్తుందో తెలియదు. అయినా దీపావళికి హుషారుగా విప్పిన బండ్లు సంక్రాంతి వచ్చేసరికి బరకం కిందే కనిపిస్తుంటాయి.

మనసు రావడం లేదంటారు. అలా ఆగిన బండిని దగ్గరికెళ్లి చూస్తే కారణం చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. వెలుతురు చాలదు, తర్వాత ఏం విప్పాలో తేలలేదు, ఒక బోల్టు కదలలేదు, ఒక సామాను దొరకలేదు. ఈ అడ్డాలు తీస్తే చేయి దానంతట అదే పనిలోకి వెళ్తుంది. కింద ఇచ్చిన కొలతలు కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు పంపే భాగం) ఉన్న మారుతి 800వి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లు కొలతలు మార్చుకుని ఇదే పద్ధతిలో వెళ్లొచ్చు.

రాత్రి పని వేరు, ఎండ పని వేరు

నోటు పుస్తకంలో పేజీ మధ్యలో గీత గీయండి. ఒక పక్క బల్ల మీద కూర్చుని చేసే పనులు రాయండి: కార్బొరేటర్ శుభ్రం చేయడం, ప్లగ్గులు, వైపర్ మోటారు, తలుపు అద్దం ఎత్తే మిషను, సెల్ఫ్ మోటారు బ్రష్షులు, స్విచ్చులు. ఇవి వారం మధ్యలో రాత్రి పూట గంట సేపట్లో అయ్యేవి. రెండో పక్క తుప్పు గీకడం, లప్పం, ప్రైమర్, రంగు, బండి కింద దూరే పనులు రాయండి. ఇవి ఆదివారం ఎండలోనే చేయాలి. రెండూ కలిపేసి, మంగళవారం రాత్రి ఏడింటికి బండి కింద దూరి టార్చి నోట్లో పెట్టుకుని పని మొదలుపెడితే బుధవారం ఆ పక్కకే వెళ్లబుద్ధి కాదు.

ఒక్కో పనీ 45 నిమిషాలకు మించకుండా ముక్కలు చేయండి. "బ్రేకులు బాగు చేయాలి" అని రాస్తే అది పని కాదు, బరువు. "వెనక ఎడమ చక్రం డ్రమ్ము విప్పి, షూ ఎంత అరిగిందో చూసి, ఫొటో తీయడం" అని రాయండి. ఆ రోజు పని అయ్యాక లేచి వెళ్లిపోవద్దు. చివరి పది నిమిషాలు రేపటికి కేటాయించండి. రేపటి పనికి కావలసిన పానాలు ఒక పళ్లెంలో, విడిభాగం దాని పక్కన, ఏం చేయాలో ఒక చీటీ మీద. ఈ బండ్లలో 10, 12, 14, 17 మిల్లీమీటర్ల పానాలతో చాలా పని గడిచిపోతుంది కాబట్టి ఆ నాలుగూ ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి. మర్నాడు చలికి బద్ధకంగా ఉన్నా, వెతుక్కునే పని లేకపోతే కూర్చోగలుగుతారు.

విప్పిన ప్రతి బోల్టునూ కవర్లో వేసి పేరు రాయాలి. నెల తర్వాత గిన్నెడు బోల్టులు చూసి నీరసపడి వదిలేసినవాళ్లు చాలామంది.

వెలుతురు, నేల, దోమలు

పైకప్పుకు ఒక బల్బు పెడితే మీ నీడే పని మీద పడుతుంది. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, బండికి రెండు పక్కలా, నడుం ఎత్తులో పెట్టండి. చేతి కింద పనికి అయస్కాంతం ఉన్న చార్జింగ్ లైటు ఒకటి. వరి కోతల రోజుల్లో పొలం దగ్గరున్న ఇళ్లలో లైటు చుట్టూ పచ్చదోమ ముసురుతుంది. ఇరవై అడుగుల దూరంలో ఇంకో ప్రకాశవంతమైన లైటు వెలిగిస్తే పురుగులు చాలావరకు అటు పోతాయి. లప్పం, రంగు ఆరుతున్న చోట మాత్రం రాత్రి లైటు వేయనే కూడదు. కాళ్ల దగ్గర నేల మీద చిన్న ఫ్యాను పెడితే దోమల బాధ తగ్గుతుంది.

నేల మీద గోనె సంచులు పరిచి, వాటి పైన అట్ట వేయండి. రాత్రి గచ్చు చల్లదనం నడుం పట్టేస్తే వారం పని పోయినట్టే.

జాకీ విషయంలో రాజీ వద్దు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. బండి కింద దూరేముందు రెండు స్టాండ్లు పెట్టాలి. మట్టి నేలైతే స్టాండు కింద అడుగు చదరం, అంగుళం మందం ఉన్న చెక్క వేయాలి. నేల మీదున్న చక్రాలకు రెండు పక్కలా చెక్కలు అడ్డం పెట్టాలి. ఇటుకలు దొంతర పేర్చి బండిని ఆనించడం మన దగ్గర తరచూ కనిపిస్తుంది. బరువు ఒక మూల మీద పడితే ఇటుక ముందుగా ఏ సంకేతమూ ఇవ్వకుండా పగిలిపోతుంది. దయచేసి అలా చేయకండి.

ముందు ఇంజిను పలకాలి

బాడీ పనితో మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. అది పొడుగు పని, ఫలితం చివర్లో కనిపిస్తుంది. సెల్ఫ్ కొడితే పలికే బండి మీద పని చేయాలనిపించినట్టు మూగబండి మీద అనిపించదు. వానాకాలమంతా కదలకుండా ఉన్న బండిని ఈ వరుసలో లేపండి.

బ్యాటరీ తగిలించకముందే ఎలుకల కోసం చూడాలి. కోతలయ్యాక పొలంలో ఎలుకలు ఇళ్ల వైపు, షెడ్ల వైపు వస్తాయి. ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పితే గడ్డి, గుడ్డ పీలికలు దొరకొచ్చు. డ్యాష్‌బోర్డు కింద, డైనమో వెనక వైర్లు కొరికి ఉంటే ముందు అవి అతికి, టేపు కాకుండా వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. రాగి బయటపడ్డ వైరుకు కరెంటు ఇస్తే మంటే.

బ్యాటరీ వోల్టేజీ 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగం. 12 కన్నా తక్కువైతే చార్జింగుకు పెట్టాలి. 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీకి 3.5 ఆంపియర్లు చాలు. తొందరపడి ఎక్కువ కరెంటు ఇస్తే ప్లేట్లు దెబ్బతింటాయి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. అది గాలిలో తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. రెండు మూడు నెలలు నిలవున్న పెట్రోలు తీసేసి, కార్బొరేటర్ గిన్నె కూడా ఖాళీ చేయండి. అడుగున గోధుమ రంగు జిగురు కనిపిస్తే జెట్లు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల బిళ్లలు) పూడిపోయినట్టే. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి. తీగ పెట్టి పొడిచారంటే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. గొట్టాలు కొనేటప్పుడు పాత ముక్క పట్టుకెళ్లండి, ఇథనాలును తట్టుకునే ఫ్యూయల్ గొట్టమే అడగండి.

మూడు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు కాయిల్ వైరు తీసి పక్కన పెట్టి, ఇంజినును ముందు చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితేనే, ప్లగ్గులు లేకుండానే, సెల్ఫ్ ఐదు సెకన్లు కొట్టండి. ప్లగ్గు గ్యాపు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు చూసుకుని బిగించండి. ఆయిల్ కొలత పుల్ల చూసి, చోక్ (చల్లటి ఇంజినుకు పెట్రోలు పాలు పెంచే మీట) పూర్తిగా లాగి స్టార్టు చేయండి. ఆయిల్ ఎర్రలైటు కొన్ని సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఈ సీజన్ తెల్లవారుజామున చోక్ లేకుండా పలకకపోవడం జబ్బు కాదు.

ఇంజిను పలికినా బండి కదలకపోతే, వానలకు హ్యాండ్‌బ్రేకు షూ డ్రమ్ముకు అంటుకుపోయి ఉండొచ్చు. ఇంజిను బలంతో లాగొద్దు, లైనింగు ఊడి వస్తుంది. చక్రం విప్పి డ్రమ్ము అంచు మీద చెక్క ఆనించి సుత్తితో చుట్టూ తట్టాలి. ఇకపై నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో పెట్టి చక్రానికి అడ్డు పెట్టండి.

కదలని బోల్టు

ఎక్కువ బండ్లు ఆగేది ఇక్కడే. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ల బండ్లలో మరీ. రేపు విప్పాల్సిన బోల్టులకు ఈ రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. పది గంటలు నానాక, బోల్టు తల మీద నాలుగు దెబ్బలు నిటారుగా కొట్టి, ముందు కొంచెం బిగించే వైపు కదిపి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. కదిలాక ఒకేసారి లాగేయకుండా పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఆరు మూలల సాకెట్టే వాడాలి, పన్నెండు మూలలదైతే తల అరిగి జారుతుంది. వేడి పెట్టడం చివరి మార్గం. పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం, రబ్బరు బుష్షులు ఉన్న చోట అసలు పెట్టొద్దు. పావుగంట ప్రయత్నించినా రాకపోతే ఇంకోసారి స్ప్రే కొట్టి ఆ రాత్రి వేరే బల్ల పని చూసుకోండి. పుస్తకంలో రెండు వరసలు ఉన్నది అందుకే.

ఆదివారం: తుప్పు, లప్పం, రంగు

తెల్లవారి బండి మీద మంచు కారుతుంటుంది. దాని మీద ఎమరీ పట్టకండి. ముందు మంచినీళ్లతో ఉప్పు, దుమ్ము కడిగి, తుడిచి, ఎండ తగిలి రేకు పూర్తిగా ఆరాక పది గంటలకు మొదలుపెట్టండి. మధ్యాహ్నం మూడింటికల్లా ప్రైమర్ గానీ రంగు గానీ కొట్టడం అయిపోవాలి. ఆ తర్వాత కొడితే ఆరకముందే మంచు పడి రంగు పాలిపోయినట్టు తెల్లబారుతుంది, లేదా పొర కింద తేమ చిక్కుకుని కొన్నాళ్లకు బొబ్బలు లేస్తాయి.

ఆ రోజు ప్రైమర్ వేయగలిగినంత మేరే గీకండి. మొదటి ఆదివారానికి అడుగు చదరం చాలు. తళతళలాడేలా గీకిన రేకు ఒక్క రాత్రి మంచుకు ఎర్రబారుతుంది, చేసిన పని మళ్లీ చేయాలి. దానికి మించి మనసు విరిచేది లేదు. బరకం రేకుకు ఆనించి కప్పితే ఇంకా త్వరగా పడుతుంది. కర్రలు పాతి పందిరిలా ఎత్తి కట్టండి, గాలి ఆడాలి.

వరుస ఇది: వైరు బ్రష్షు, 80 నంబరు ఎమరీ, గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు), అది డబ్బా మీద చెప్పినంతసేపు ఆరాక ఎపాక్సీ ప్రైమర్. లప్పం 100 గ్రాములకు హార్డెనర్ 2 గ్రాములు. చలికి గట్టిపడటం లేదని కొందరు రెట్టింపు కలుపుతారు. అప్పుడు సన్న రంధ్రాలు పడతాయి, పై రంగులోకి మరక ఉబుకుతుంది. కాసేపు ఓపిక పట్టడమే మేలు. మందం 3 మిల్లీమీటర్లు దాటితే పగుళ్లిస్తుంది కాబట్టి లోతు సొట్టకు ముందు టింకరింగ్ (రేకు కొట్టి సొట్ట తీసే పని) చేయించాలి. తలుపు కింది అంచులో నీళ్లు పోయే రంధ్రాలు తెరిచే ఉన్నాయో చూడండి. అవి పూడితే ఎన్ని రంగులు వేసినా లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. హార్డెనర్ కలిపే రంగులు స్ప్రే చేసేటప్పుడు గుడ్డ మాస్కు చాలదు, కార్బన్ ఫిల్టరున్న మాస్కు కావాలి. పక్క కళ్లంలో నూర్పిడి జరుగుతుంటే ఆ రోజు రంగు వాయిదా వేసి బండి కింద పనులు చూసుకోండి.

తేదీలు, తోడు

సంక్రాంతికి వారం ముందు నుంచే మెకానిక్ షెడ్లలో కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు, స్పేర్ పార్ట్స్ కొట్లు పండగ మూడు రోజులూ మూతపడతాయి, పార్సిళ్లు ఆలస్యమవుతాయి. విశాఖ నుంచి రావలసిన సామాను క్రిస్మస్ లోపే తెప్పించుకోండి. సామాను చేతికి రాకముందు ఆ భాగం విప్పొద్దు.

పండక్కి బావమరుదులు, అన్నదమ్ములు దిగుతారు కాబట్టి ఇద్దరు కావలసిన పనులు కనుమ మర్నాటికి పెట్టుకోండి. వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి. మాట ఇచ్చాక దానికి ముందు కావలసిన చిన్న పనులు మీరే పూర్తి చేస్తారు. బ్రేకుల్లో గాలి తీయడం అలాంటిదే. స్టీరింగ్ కుడి వైపున్న బండ్లలో సాధారణంగా దూరంగా ఉండే వెనక ఎడమ చక్రం నుంచి మొదలు. ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేసి, సన్న గొట్టంలో బుడగలు చూసి, పెడల్ వదలకముందే బిగించాలి. పైన డబ్బాలో బ్రేకు ఆయిలు కనిష్ఠ గీత కిందికి దిగిందా, మళ్లీ గాలి చేరి మొదటికొస్తుంది. బయటికొచ్చిన ఆయిలు తిరిగి పోయొద్దు. రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది.

రథసప్తమికి బండి అరసవల్లి తీసుకెళ్లాలని పెట్టుకుంటే మంచి గడువే. అయితే బండి మొదటి ప్రయాణం ఆ రోజు కాకూడదు, ఆ రద్దీలో ఇంజిను వేడెక్కితే పక్కకు తీసే చోటుండదు. రెండు వారాల ముందే ఇంటి చుట్టూ ఐదు కిలోమీటర్లు తిప్పి, ఆపి, కింద అట్ట పరిచి ఏమైనా కారుతోందో చూడండి. చక్రాలు నాలుగూ తాకి చూస్తే బ్రేకు పట్టేస్తున్నది మిగతావాటికన్నా వేడిగా తెలుస్తుంది. మరో రెండు రోజులకు పాతిక కిలోమీటర్లు. విప్పి బిగించిన చక్రాల నట్లు 50 కిలోమీటర్ల తర్వాత బండి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించి చూడాలి.